గాలిగోపురం నిలిచింది.. మండువా ఎందుకు కూలుతోంది?

దుబాయ్‌లో ఏదైనా పాతబడితే పడగొట్టి కొత్తది కడతారన్నది మనలో చాలామంది అభిప్రాయం. ఇటీవలి నిర్ణయాలు చూస్తే ఆ అభిప్రాయం మార్చుకోవాల్సిందే. అబుదాబి సంస్కృతి, పర్యాటక విభాగం 2023లో 64 ఆధునిక కట్టడాలను, స్థలాలను వారసత్వ జాబితాలో చేర్చి వాటికి రక్షణ కల్పించింది. మనవాళ్లు నిత్యం ఎక్కి దిగే అబుదాబి ప్రధాన బస్ స్టేషన్ కూడా అందులో ఉంది. మరుసటి ఏడాది దుబాయ్ కూడా 1960ల నుంచి 1990ల మధ్య వెలిసిన 35 స్థలాలను తొలి విడతగా పరిరక్షించాలని నిర్ణయించింది. అంటే వందేళ్ల నాటి కోటలు, మసీదులే కాదు, నలభై యాభై ఏళ్ల కాంక్రీటు భవనాలు కూడా ఇప్పుడు ఇక్కడ వారసత్వమే.

ఈ మార్పు దానంతట అది రాలేదు. సగం పోగొట్టుకున్నాక తెలిసొచ్చిన పాఠం ఇది. ఆ పాఠం దుబాయ్ క్రీక్ ఒడ్డున, బర్ దుబాయ్‌లో అల్ ఫహీది చారిత్రక వాడగా మన కళ్లముందే ఉంది. ఊరి నుంచి బంధువులు వస్తే మనం తప్పకుండా తీసుకెళ్లే చోటు అది. ఫొటోలు తీసుకుంటాం, టీ తాగుతాం, అబ్రా ఎక్కి దేరా వైపు వెళ్లిపోతాం. ఆ ఇళ్లు ఎలా బతికాయో తెలుసుకుంటే మాత్రం, ఊళ్లో తాళం వేసి వచ్చిన మన ఇంటి గురించి ఆలోచించక తప్పదు.

పగడపు రాయి, మడ దూలం

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో పర్షియా ప్రభుత్వం తన దక్షిణ తీరంలోని లెంగే వంటి రేవుల్లో సుంకాలు బిగించింది. అదే సమయంలో దుబాయ్ పాలకుడు షేక్ మక్తూమ్ బిన్ హషర్ వ్యాపారులకు సుంకాలు ఎత్తేసి ఆహ్వానం పలికారు. అలా అవతలి ఒడ్డు నుంచి వచ్చి స్థిరపడ్డవారిలో బస్తక్ ప్రాంతపు వర్తకులు ఎక్కువ. వారి పేరు మీదే ఆ వాడ బస్తకియా అయింది. 2012లో అల్ ఫహీదిగా పేరు మార్చినా, పాతకాపులు ఇప్పటికీ బస్తకియా అనే అంటారు. వాళ్లూ మనలాంటి ప్రవాసులే. బతుకుదెరువుకు సముద్రం దాటి, వదిలొచ్చిన ఊరి ఇంటి తీరును కొత్త ఊళ్లో కట్టుకున్నారు.

గోడకు గోడ ఆనుకుని బారులుగా ఉండే ఈ ఇళ్లకు వాడినది మామూలు రాయి కాదు, సముద్రంలోంచి తవ్వి తీసి ఎండబెట్టిన పగడపు రాయి. దాని నిండా సన్నని రంధ్రాలు ఉంటాయి. అందుకే బరువు తక్కువ, ఎండ వేడి లోపలికి దిగేదీ ఆలస్యంగానే. రాళ్లను అతికించడానికి, పూత పూయడానికి జిప్సం కాల్చి చేసిన గచ్చు వాడారు. పైకప్పుకు తూర్పు ఆఫ్రికా తీరం నుంచి పడవల్లో వచ్చిన మడ దూలాలు, వాటి మీద ఖర్జూరపు చాపలు, ఆపైన మట్టి. మన కోరంగిలో ఉన్నట్టే అక్కడా మడ అడవులు ఉంటాయి. మడ దూలం అంతకంటే పొడవు దొరకదు కాబట్టి గదుల వెడల్పు ఇంచుమించు 3 నుంచి 3.5 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. ఇంటి కొలతను చెట్టు నిర్ణయించిందన్నమాట. చెక్కడపు టేకు తలుపులు చాలావరకు భారతదేశం నుంచే వచ్చాయి. 1966 దాకా ఇక్కడ చెల్లిన డబ్బు కూడా రూపాయే.

ఇంటి మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ వసారాలు, వసారాల వెనుక గదులు. వీధివైపు కింది గోడకు కిటికీలు అరుదు. ద్వారం తెరిచినా లోపలి ఆడవాళ్లు కనపడకుండా దారి మలుపు తిరుగుతుంది. ఇళ్ల మధ్య సందులు ఎంత ఇరుకంటే, ఒక ఇంటి గోడ నీడ ఎదుటి గోడ మీద పడుతుంది. ఆ సందును ఇక్కడ సిక్కా అంటారు. 2011లో మొదలైన సిక్కా కళా ఉత్సవానికి పేరు దాని నుంచే వచ్చింది.

ఇక అందరూ ఫొటో తీసుకునే గోపురం. మనం గుడి ముందు నిలిచే రాజగోపురాన్ని గాలిగోపురం అంటాం. ఇక్కడ నిజంగానే గాలి కోసం కట్టిన గోపురాలున్నాయి, వాటిని బర్జీల్ అంటారు. నాలుగు వైపులా తెరిచి ఉండే ఈ గోపురం లోపల రెండు అడ్డుగోడలు ఇంటూ గుర్తులా కలుస్తాయి. గాలి వీచే వైపు అర గాలిని పట్టి కింది గదిలోకి దింపుతుంది. అవతలి వైపు అర లోపలి వేడిగాలిని పైకి లాగేస్తుంది. గాలి స్తంభించిన వేళ గోపురమే పొగగొట్టంలా వేడిని బయటికి పంపుతుంది. నేల నుంచి 15 మీటర్ల దాకా లేచే ఈ గోపురాలు కరెంటు లేని రోజుల్లో గల్ఫ్ వేసవిని భరించగలిగేలా చేశాయి. షార్జాలో మజ్లిస్ అల్ మిద్‌ఫా అనే ఇంటికి గుండ్రటి గాలిగోపురం ఉంది. దేశంలో అలాంటిది మరొకటి లేదని చెబుతారు.

ఒక ఉత్తరం, ఒక పర్యటన

1960లలో దుబాయ్‌కి కరెంటు వచ్చింది. 1966లో చమురు బయటపడింది, 1969లో ఎగుమతి మొదలైంది. ఏసీ వచ్చాక గాలిగోపురంతో పని లేకపోయింది. కారు వచ్చాక, కారు దూరని సందులో ఇల్లు భారమైంది. బస్తకీ కుటుంబాలు ఒక్కొక్కటిగా కొత్త కాలనీల్లోని విల్లాలకు వెళ్లిపోయాయి. పాత ఇళ్లలో కొన్ని గోదాములయ్యాయి, కొన్నింటిని దక్షిణాసియా కూలీలకు అద్దెకిచ్చారు. ఒక కుటుంబం కోసం కట్టిన ఇంట్లో గదికి పది మంది చేరితే దాని బాగోగులు చూసేదెవరు? 1980లలో కొత్త ప్రభుత్వ భవనాల కోసం వాడలో దాదాపు సగం నేలమట్టమైంది.

మిగిలిన సగానికీ 1989లో గడువు ముంచుకొచ్చింది. అప్పటికి రేనర్ ఓటర్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ అక్కడే ఒక పాత ఇంటిని బాగుచేసుకుని ఉంటున్నారు. వాడను కాపాడాలని ఆయన ప్రచారం మొదలుపెట్టారు, బ్రిటన్ యువరాజు చార్లెస్‌కు ఉత్తరం రాశారు. ఆ ఏడాది దుబాయ్ వచ్చిన చార్లెస్ ఆ సందుల్లో తిరిగి, వాటిని కాపాడాలని సూచించారు. కూల్చివేత ఆగింది. తర్వాతి పదిహేనేళ్లలో దుబాయ్ మున్సిపాలిటీ ఇంటి తర్వాత ఇంటిని మరమ్మతు చేసి గ్యాలరీలకు, కేఫ్‌లకు, సాంస్కృతిక కేంద్రాలకు ఇచ్చింది.

అప్పటికే పరాయివాళ్లు ఉంటున్న ఇల్లు పోతుంటే అడ్డుపడినవాడు ఓటర్. సొంత ఇల్లు పోతుందని తెలిసి దూరదేశం నుంచి పరుగెత్తుకొచ్చిన మనిషి కథ షార్జాలో ఉంది. 1970లో షార్జా కోటను కూల్చడం మొదలుపెట్టినప్పుడు, పాలక కుటుంబానికి చెందిన షేక్ సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ కైరోలో వ్యవసాయ శాస్త్రం చదువుతున్నారు. కబురు తెలిసి వచ్చేసరికి కోటలో చాలాభాగం పోయింది. ఒక బురుజును ఆపగలిగారు. పునాదుల కొలతలు రాసుకున్నారు, తలుపులు, కిటికీలు దాచిపెట్టారు. 1972లో ఆయనే షార్జా పాలకుడయ్యారు. పాత ఫొటోలు, ఆ కొలతలు, దాచిన తలుపుల సాయంతో 1990లలో కోటను తిరిగి కట్టించారు. నేటి షార్జా హిస్న్ మ్యూజియం అదే. కైరో నుంచి వచ్చిన ఆ విద్యార్థి చేతిలో అప్పుడు అధికారం లేదు. ఉన్నవి ఒక నోటుపుస్తకం, కొలతల టేపు. తర్వాత పనికొచ్చినవీ అవే.

నిలిచింది ఇల్లా, గోడలా?

దీన్ని పూర్తి విజయగాథగా చెప్పుకోవడం కూడా సరికాదు. అల్ ఫహీదిలో గోడలు నిలిచాయి, కాపురాలు తిరిగి రాలేదు. రాత్రి తొమ్మిది దాటాక ఆ సందుల్లో నడిస్తే వంటింటి వాసన రాదు, పిల్లల అల్లరి వినపడదు. షిందగా వైపు చాలా ఇళ్లు పాత పునాదుల మీద, పాత ఫొటోలు చూసి మళ్లీ కట్టినవి. 1896లో మొదలైన షేక్ సయీద్ ఇల్లు కూడా శిథిలమయ్యాక 1980లలో తిరిగి లేచినదే. ఖోర్ దుబాయ్ యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నా ప్రపంచ వారసత్వ హోదా ఇంకా దక్కలేదు. ఈ దేశానికి ఆ హోదా తొలిసారి తెచ్చింది 2011లో అల్ ఐన్. అక్కడి ఒయాసిస్సుల్లో ఫలజ్ కాలువల కింద ఖర్జూరపు తోటల సాగు ఇప్పటికీ నడుస్తోంది.

రెండో చిక్కు మరమ్మతులది. పగడపు రాయిలో సముద్రపు ఉప్పు ఉంటుంది. పాత గచ్చు తేమను బయటికి పోనిస్తుంది కాబట్టి గోడ ఊపిరి పీల్చుకుంటుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ, ఉప్పు లోపలే చిక్కి, ఉప్పు గడ్డకట్టి రాయిని పిండి చేస్తుంది. బలంగా ఉంటుందని వేసిన సిమెంటే గోడను తినేస్తుంది. అందుకే ఈ ఇళ్లను పాత పద్ధతిలో, పాత సరుకుతోనే బాగుచేయాలి. దానికి పని తెలిసిన మేస్త్రి కావాలి, ఏటేటా ఖర్చు కావాలి.

ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే రస్ అల్ ఖైమాలోని జజీరత్ అల్ హమ్రాకు వెళ్లాలి. ముత్యాల వేటతో బతికిన ఆ ఊరిని 1960ల చివర జనం ఖాళీ చేశారు. దశాబ్దాల పాటు కప్పులు కూలి, గోడలు మొండిగా నిలిచాయి. దయ్యాల ఊరని పేరుపడింది. ఇటీవలే మరమ్మతులు, కళా ఉత్సవాలు మొదలయ్యాయి. ఒకే తీరం, ఒకే రాయి, ఒకే తరం ఇళ్లు. ఒకచోట పట్టించుకున్నారు, మరోచోట పట్టించుకోలేదు. తేడా అంతే.

మన మండువా సంగతి

ఇప్పుడు గోదావరి జిల్లాల్లోని మండువా లోగిలిని తలచుకోండి. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, నాలుగు వైపులా వసారాలు, టేకు స్తంభాలు, పెంకుల కప్పు, వాన నీరు మధ్యలో పడి తూము గుండా పోయే ఏర్పాటు. బస్తకీ వర్తకుడి ఇంటికి, మన లోగిలికి చుట్టరికం కనపడుతూనే ఉంది. రెండూ కరెంటు లేని కాలంలో నీడను, గాలిని నమ్ముకుని కట్టినవే. కాకపోతే ఆ ఇల్లు వీధికి వీపు చూపిస్తుంది, మనది అరుగు వేసి వీధిని పిలుస్తుంది. వాళ్లది వాన పడని ఊరు, మనది ఇంటి నడుమ వానను దించుకునే ఊరు. సరుకులోనూ పోలిక ఉంది. ఆ ఇంటి దూలం తూర్పు ఆఫ్రికాది, కోనసీమలో చాలా ఇళ్ల స్తంభాలు బర్మా టేకువి. ఒకప్పుడు మన తీరం నుంచి రంగూన్ వెళ్లినవారి సంపాదనతో లేచిన లోగిళ్లూ ఉన్నాయి. ప్రవాసం డబ్బుతో కట్టిన ఇంటిని ఇప్పుడు మరో ప్రవాసం ఖాళీ చేస్తోంది.

ఈ ఇళ్లు ఒక్క రోజులో కూలవు. ముందు ఒక పెంకు జారుతుంది. కోతి వల్లో, గాలివాన వల్లో. ఇంట్లో మనిషి ఉంటే మర్నాడే సర్దిస్తాడు. తాళం వేసిన ఇంట్లో ఆ కన్నం నుంచి రెండు వానాకాలాలు నీరు కారుతుంది. వాసం పుచ్చుతుంది, దూలం వంగుతుంది, చెద గోడెక్కుతుంది. ఆ తర్వాత చూడ్డానికి వచ్చిన మేస్త్రి ‘ఇది పనికిరాదండి, పడగొట్టేయండి’ అంటాడు. అప్పటికి అతను చెప్పింది నిజమే కావచ్చు. కొందరు మంచి మనసుతోనే సున్నపు గోడల మీద సిమెంటు పూయించి, పగడపు ఇళ్లకు జరిగిన నష్టాన్నే ఇక్కడా తెచ్చుకుంటారు. చివరికి స్తంభాలు, ద్వారబంధాలు పాత సామాన్ల వ్యాపారి లారీ ఎక్కి ఏదో రిసార్టుకు చేరతాయి. అక్కడ గదికి రోజు అద్దె కట్టి మనమే వాటి పక్కన ఫొటో తీసుకుంటాం.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పెంకుటిల్లు తీసేసి డాబా కట్టుకున్న ప్రతివారినీ తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ కూలి డబ్బుతో లేచిన స్లాబు ఇల్లు, కారే కప్పు కింద బతికిన కుటుంబానికి దక్కిన గౌరవం. దుబాయ్ తన 1970ల కాంక్రీటును చరిత్ర అంటున్నప్పుడు, దుబాయ్ కూలీ కట్టుకున్న 1980ల డాబా మాత్రం ఎందుకు కాదు? ముందు గోడ మీద పేరు, కట్టిన సంవత్సరం, విమానం బొమ్మ ఉన్న ఇల్లు మీ ఊళ్లో ఉంటే దాన్నీ ఓసారి ఫొటో తీసి ఉంచండి. మన వలసకు అదొక దస్తావేజు.

చట్టం చేసేదెంత, మనం చేయాల్సిందెంత

ప్రభుత్వమే కాపాడాలని ఎదురుచూస్తే కష్టం. హైదరాబాద్‌లో చారిత్రక భవనాలకు 1995 నుంచి రక్షణగా ఉన్న నిబంధన 13ను 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ భవనం కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. పౌరులు కోర్టుకెక్కబట్టి ఆ ప్యాలెస్ మిగిలింది. రాజభవనం సంగతే ఇలా ఉంటే, పల్లెలో మండువా ఇంటి కోసం పిటిషన్ వేసేదెవరు?

యజమానులే పూనుకున్న ఉదాహరణలు లేకపోలేదు. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను వారసులే బాగుచేయించారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దానికి చోటు దక్కింది. తమిళనాడులో చెట్టినాడు భవంతులు కొన్ని హోటళ్లుగా మారి తమ ఖర్చు తామే సంపాదించుకుంటున్నాయి. అందరికీ కోట ఉండదు, అందరి ఇల్లూ హోటల్ కాలేదు. కానీ ఇంటికి ఒక పని దొరికితే అది బతుకుతుందన్న సూత్రం చిన్న ఇంటికీ వర్తిస్తుంది. ఊరి గ్రంథాలయం, ట్యూషన్ గది, ఏడాదిలో కొన్ని వారాలు సినిమా షూటింగ్, పక్క ఊరి టీచర్ కాపురం.. ఏదైనా సరే. ఖాళీగా తాళం వేసి ఉంచడమే అసలు ప్రమాదం.

చాలా ఇళ్లు పడిపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, పంపకం తేలకపోవడం. నలుగురి పేరున ఉన్న ఇంటి పెంకు మార్చడానికి ఎవరు ఖర్చు పెట్టాలి? పెట్టినవాడి డబ్బు ఎవరి లెక్కలోకి? ఆడపిల్లల వాటా సంగతి మరచి చేసుకున్న నోటి పంపకాలు మరో చిక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఉంది. 2005 కేంద్ర సవరణ దాన్ని కూతుళ్లందరికీ విస్తరించింది, 2020లో సుప్రీంకోర్టు మరింత స్పష్టం చేసింది. అక్కచెల్లెళ్ల సంతకం లేకుండా ఇల్లు అమ్మడమూ కష్టమే, దాని మీద అందరినీ ఒప్పించి ఖర్చు పెట్టించడమూ కష్టమే.

కాబట్టి వరుస ఇలా ఉంటే మంచిది. మొదట హక్కుదారులంతా ఒకే కాల్‌లో కూర్చుని వాటాలు రాసుకోవాలి. ఊళ్లో ఉన్న ఒకరికి మరమ్మతుల వరకే అధికారం ఇస్తూ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. ఇక్కడ మన కాన్సులేట్‌లో ధ్రువీకరించాక, ఆ పత్రం భారత్ చేరిన మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. అమ్మే అధికారం మరమ్మతుల పత్రంలో కలపకండి. తర్వాత ఏటా వానలకు ముందు పెంకు సర్దించే బాధ్యత ఒకరికి, ఖర్చు అందరికీ. గోడలకు ఏ పూత వేయించాలో సున్నపు పని తెలిసిన మేస్త్రిని అడిగాకే నిర్ణయించాలి. ఇక ఇల్లు నిలిచినా నిలవకపోయినా చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి గది కొలత, ప్రతి తలుపు ఫొటో, ఇల్లు కట్టిన కథ పెద్దవాళ్ల గొంతులో రికార్డు చేసి ఉంచడం. ఫోన్ ఉంటే చాలు, రెండు రోజుల పని. షార్జా కోట తిరిగి లేచింది ఇలాంటి కాగితాల మీదే.

అన్ని ఇళ్లూ నిలవవు, నిలవాల్సిన అవసరమూ లేదు. కప్పు కూలిన చోట, ఉండే మనిషి లేని చోట, వైద్యానికో చదువుకో డబ్బు కావాల్సిన చోట అమ్మడమే సరైన నిర్ణయం కావచ్చు. అది తెలిసి తీసుకున్న నిర్ణయమైతే బాధ లేదు. కానీ చాలా లోగిళ్ల విషయంలో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోవడం లేదు. ఆ పని వానకు, చెదకు వదిలేస్తున్నాం.

అమెరికా వెళ్లినవారికి అక్కడి పౌరసత్వం వచ్చే దారైనా ఉంది. గల్ఫ్‌లో మన పరిస్థితి వేరు. గోల్డెన్ వీసా ఉన్నా, ముప్పై ఏళ్లు ఇక్కడే గడిపినా, చివరికి తిరిగి వెళ్లే ఊరంటూ ఒకటి మనసులో ఉంటుంది. ఆ ఊళ్లో తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉండాలా, ఖాళీ స్థలం ఉండాలా అన్నది నేటి నలభై, యాభై ఏళ్ల తరం చేతిలోనే ఉంది. ఇంటి కథ తెలిసిన పెద్దలు ఇంకా మనతో ఉన్న చివరి సంవత్సరాలివి. వేసవి సెలవులకు టికెట్లు కొనేముందే ఆ కాల్ చేయండి. జూన్‌లో వానలు మొదలవుతాయి, పెంకు సర్దించాల్సింది మే నెలలోనే.